నడినెత్తి ఫోటోలు

ఆ వర్షాకాలం మా ఇంట్లో అక్క పెళ్లి గురించి ఎంత మాట్లాడుకున్నారో నా నడినెత్తి గురించీ అంతే మాట్లాడుకున్నారు. పెళ్లి మాటలు పైకి, నెత్తి మాటలు గుసగుసగా.

మాది ఫోటో స్టూడియో. కింద స్టూడియో, పైన ఇల్లు. నాన్న ఫోటోలు తీస్తాడు. అమ్మ కౌంటర్లో కూర్చుంటుంది. అక్క కంప్యూటర్ ముందు కూర్చుని, నాన్న తీసిన ముఖాల మీద మొటిమలూ మచ్చలూ కళ్ల కింద నలుపూ తుడిచేస్తుంది. బయట జరిగే పెళ్లిళ్లు, పుట్టినరోజులు, ఆఫీసు సమావేశాలు నా వంతు. మెడలో రెండు కెమెరాలు వేలాడేసుకుని ఊరంతా తిరిగేవాణ్ణి. ఫోటోగ్రాఫర్ నడినెత్తిని ఊళ్లో అందరూ చూస్తారనీ, చూడనిది వాడొక్కడేననీ నాకు ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా తెలియలేదు.

ఒక పెళ్లికి నాతోపాటు ఇంకో కెమెరామన్ వచ్చి పై అంతస్తు నుంచి ఫోటోలు తీశాడు. మర్నాడు అక్క అవన్నీ తెరిచింది. నేను పక్కన కుర్చీలో టీ తాగుతున్నాను.

"ముందు వరసలో వంగున్న పెద్దాయన నెత్తి మెరిసిపోతోందిరా. వెలుగు కాస్త తగ్గించనా?" అంది అక్క.

"తగ్గించు. ఎవరో పెళ్లికూతురి పెదనాన్న అయ్యుంటాడు పాపం," అన్నాను.

అక్క ఆ మూలను పెద్దది చేసింది. పెదనాన్న మెడలో రెండు కెమెరాలున్నాయి. ఒంటి మీద నా నీలం గళ్ల చొక్కా ఉంది.

అక్క గబుక్కున ఫోటోని మళ్లీ చిన్నది చేసింది. "లైటు మరీ ఎక్కువ పడిందిలే," అంది నా వైపు చూడకుండా. పెళ్లిళ్లలో లైటు ఎంత పడుతుందో నాకు తెలియదా. టీ గ్లాసు అక్కడే వదిలేసి పైకి వెళ్లి, రెండు అద్దాలు ముందొకటి వెనకొకటి పెట్టుకుని చూసుకున్నాను. లైటుది ఏ తప్పూ లేదు.

ఆ రోజు నుంచి టోపీ మొదలైంది. ఎండలో టోపీ పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. హాల్లో పెట్టుకుంటే చూస్తారు. ఇంట్లో భోజనం దగ్గర కూడా పెట్టుకుంటే అమ్మ ఊరుకోదు.

"తీయరా. అన్నం మీద వాన పడుతోందా?" అంది ఒకరోజు.

"పడుతోంది," అన్నాను.

"అయిదు నెలల్లో అక్క పెళ్లి. ఇంటిల్లిపాదీ నిలబడి ఫోటో తీయించుకుంటాం. అందులోనూ ఇలాగే నిలబడతావా?"

నా దిగులంతా అదే. ఆ ఫోటో మా స్టూడియో ముందు అద్దాల్లో పెట్టాలని అప్పటికే అనుకున్నారు. దారిన పోయే ప్రతివాడూ ఆగి చూస్తాడు. ఆ లోపు ఏదో ఒకటి జరగకపోతే నా బతుకు వీధిన పడ్డట్టేనని నాకు గట్టిగా అనిపించింది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు ముద్ద దిగలేదు. ఎదురుగా నాన్న తల వంచుకుని తింటున్నాడు. ముప్పై ఏళ్లకే మొత్తం ఊడిపోయిన తల. నేను పుట్టినప్పటి నుంచీ అంతే చూశాను.

"నేనేం చేయను? వేరేవాళ్లకి వాళ్ల నాన్నల నుంచి ఇల్లూ వాకిలీ వస్తాయి. నాకు ఈ తల వచ్చింది," అన్నాను.

అమ్మ చేతిలో గరిటె ఆగింది. నాన్న తల ఎత్తలేదు. కంచంలో మిగిలింది నెమ్మదిగా తినేసి, చెయ్యి కడుక్కుని కిందికి వెళ్లిపోయాడు. అన్న మాట వెనక్కి తీసుకుందామా అనుకున్నాను, తీసుకోలేదు. ఉన్నమాటే కదా అన్నానని నన్ను నేను సమర్థించుకున్నాను.

చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లింది అక్కే. నన్ను వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టి తను వెళ్లిపోయింది. ఆ హాల్లో నాతో కలిపి ఎనిమిది మంది కుర్రాళ్లం, అయిదు టోపీలు. ఒకరి టోపీ వైపు ఒకరం చూసుకుని, గోడ మీది గడియారం వైపు తిరిగిపోయాం. పళ్ల డాక్టరు దగ్గరైతే చెంప మీద చెయ్యేసుకుని కూర్చోవచ్చు. ఇక్కడ ఏ భంగిమలో కూర్చోవాలో ఎవరికీ తెలియలేదు.

డాక్టరుగారికి యాభై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంది. టోపీ తీయమని, చిన్న దీపం ఉన్న భూతద్దం నెత్తి మీద ఆనించి, అంగుళం అంగుళం జరుపుతూ చూసింది.

"మీ నాన్నగారికి ఎలా ఉంటుంది?"

"తల ఉంటుందండీ. జుట్టే ఉండదు."

ఆవిడ నవ్వింది. "ఇది కుటుంబంలో వచ్చేదే. రోగం అనుకుని బెంగపడకండి. మందు చుక్కలు పొద్దునా సాయంత్రం రాయాలి, మాత్ర రోజుకొకటి. మాత్రతో ఒంట్లో ఏ తేడా అనిపించినా సిగ్గుపడకుండా నాకు చెప్పాలి. ఇంకో మాట. మొదటి రెండు నెలలూ ఇప్పటికంటే ఎక్కువ ఊడొచ్చు."

"ఊడకుండా ఉండటానికి కదండీ వచ్చాను?"

"పాతవి రాలి కొత్తవాటికి చోటిస్తాయి. అక్కడే సగం మంది భయపడి మానేస్తారు. మానేసినవాళ్లు మళ్లీ రెండేళ్లకి వస్తారు, అప్పుడు నేను చేయగలిగింది తక్కువ. ఉన్నది నిలబడితే గెలిచినట్టు. పైన ఏదైనా వస్తే లాభం. నాలుగో నెలలో రండి. ఈ లోపల నెలకొకసారి నడినెత్తి ఫోటో పంపండి చాలు. ఒకే చోట కూర్చుని, ఒకే వెలుగులో, ఒకే దూరం నుంచి తీయాలి. అది ఇంట్లో ఎవరికీ కుదరదు, అదే నా బాధ."

"మాది ఫోటో స్టూడియో అండీ," అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టి నన్ను మొదటిసారి గౌరవంగా చూసింది.

నాన్నకి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. అక్క చెప్పింది. నాన్న ఏమీ అనకుండా స్టూడియోలో ఒక మూల బూడిదరంగు తెర దించాడు. పొట్టి స్టూలు వేసి, దాని కాళ్ల చుట్టూ నేల మీద టేపు అంటించాడు. కెమెరా స్టాండు కాళ్లకీ అంతే. గొడుగు లైటు ఎత్తు కొలిచి గోడ మీద పెన్సిల్తో గీత పెట్టాడు. తన జీవితంలో మంత్రులకీ పెళ్లికూతుళ్లకీ కూడా ఇంత ఏర్పాటు చేసి ఉండడు.

"తల దించు. ఇంకొంచెం. చాలు," అన్నాడు. ఆ నాలుగు మాటలే. నేను ఆ రోజు భోజనం దగ్గర అన్న మాట ఇద్దరం ఎత్తలేదు.

మా స్టూడియోలో ఒక పద్ధతి ఉంది. తీసిన ఫోటోలన్నీ కంప్యూటర్లో 'కొత్తవి' అనే ఫోల్డరులో పడతాయి. దిద్దిన కాపీలు 'అయినవి' అనే ఫోల్డరులోకి వెళతాయి, అసలువి 'కొత్తవి' లోనే ఉండిపోతాయి. ప్రింటుకి పోయినా, ఎవరికైనా పంపినా, 'అయినవి' లోంచే. ముఖం తుడవకుండా మనిషిని బయటికి పంపకూడదని అక్క పెట్టిన కట్టుబాటు అది. నా మొదటి ఫోటో తెరిచి, "డాక్టరుకి పోయేదానికి సోకులెందుకు," అని ఏమీ ముట్టుకోకుండానే 'అయినవి' లో వేసేసింది. నేను దాన్ని అక్కణ్ణుంచి డాక్టరుగారికి పంపాను.

ఆ నెలలోనే ఇంకో చదువు మొదలైంది. పెళ్లయితే అక్క వెళ్లిపోతుంది కాబట్టి దిద్దడం ఎవరో ఒకరు నేర్చుకోవాలి. నేను బయట తిరిగేవాణ్ణి. అమ్మ తన వల్ల కాదంది. అరవై దగ్గర పడుతున్న నాన్న, అంతదాకా కంప్యూటర్ని తుడవడానికి తప్ప ముట్టుకోని మనిషి, కళ్లద్దాలు ముక్కు చివరికి లాక్కుని అక్క కుర్చీలో కూర్చున్నాడు.

"నాన్నా, మౌసు అది. అంత గట్టిగా పట్టుకుంటే పారిపోదు," అనేది అక్క.

"ఈ బొట్టు ఇక్కడ పెడితే చెంపకి బదులు చెవి వస్తోందేమే?"

"ఎక్కణ్ణుంచి తీసుకోవాలో ముందు చూపించాలి. ఇక్కడ నొక్కి చర్మం తీసుకో. అక్కడ నొక్కి అతికించు. అంతే."

నాన్న ఒక పెద్దావిడ చెంప మీది మచ్చ పోగొట్టబోయి ఆవిడకి మూడో కన్ను పెట్టాడు. అక్క నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. నాన్న కూడా నవ్వాడు. నేను మెట్ల మీద నిలబడి విన్నాను. వాళ్లిద్దరి మధ్యకీ వెళ్లి నవ్వాలనిపించింది గానీ కాళ్లు రాలేదు.

మూడు వారాలకి డాక్టరుగారు చెప్పిందే జరిగింది. తలగడ మీద వెంట్రుకలు, దువ్వెనలో వెంట్రుకలు, స్నానం చేస్తే నీళ్లు పోయే జాలీ నిండా వెంట్రుకలు. చెప్పింది గుర్తుంది, అయినా గుండె జారిపోయింది. మాటలో విన్న ఊడటం వేరు, చేతికొచ్చిన ఊడటం వేరు. ఒక ఆదివారం పొద్దున గుప్పెడు చేతిలోకి వచ్చేసరికి మందు సీసా తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేశాను. ఊడేదాన్ని డబ్బిచ్చి ఊడగొట్టుకోవడం ఎందుకనిపించింది.

మర్నాడు సీసా కడిగి తుడిచి మళ్లీ అద్దం దగ్గర గట్టు మీద ఉంది. అమ్మ పనే అనుకుని, ఆవిడ మాట తీసేయలేక ఆ రోజుకి రాసుకున్నాను.

ఆ వారంలోనే రెండో ఫోటో. నాన్న తీశాడు. తర్వాత రోజు అక్క బజారుకి వెళ్లింది, నాన్న ఒక్కడే కంప్యూటర్ దగ్గర కూర్చున్నాడు. సాయంత్రం నేను 'అయినవి' తెరిచి చూస్తే నా కళ్లని నేను నమ్మలేకపోయాను. మొదటిదానికంటే మెరుగ్గా ఉంది. మరీ ఎక్కువ కాదు, అక్కడొకటి ఇక్కడొకటి. జాలీలో చూస్తే పోతున్నాయి, ఫోటోలో చూస్తే వస్తున్నాయి. పాతవి రాలి కొత్తవాటికి చోటిస్తాయని డాక్టరుగారు అననే అంది కదా. ఆ రాత్రి సీసాని గట్టు మీద నుంచి తీసి అలమరలో జాగ్రత్తగా పెట్టుకున్నాను.

డాక్టరుగారి దగ్గర్నుంచి జవాబొచ్చింది. "బాగుంది. మానకండి."

మూడో ఫోటో ఇంకా బాగుంది. నాలుగోది చూస్తే ఎవరికైనా ఈర్ష్య పుడుతుంది. నేను టోపీ తీసేశాను. పెళ్లిళ్లలో ముందు వరసలో ధైర్యంగా వంగి ఫోటోలు తీశాను. ఎవరో వెనక నుంచి నవ్వితే నా గురించి కాదులే అనుకోగలిగాను. స్నానాల గదిలో పాటలు పాడుతున్నానని అమ్మ కాబోయే బావకి ఫోన్లో చెప్పిందట. నెలలో ఇరవై రోజులు వాన పడ్డా ఆ రోజులు నాకు బాగున్నాయి. నాన్న మాత్రం నేను ఫోటో తెరిచే సమయానికి ఏదో పని కల్పించుకుని అక్కడే తచ్చాడేవాడు. నేను ఈల వేస్తే వెళ్లిపోయేవాడు.

నాలుగో నెలలో డాక్టరుగారి ఎదుట కూర్చున్నప్పుడు నేను కాలరెగరేసే ఉన్నాను. ఆవిడ నా తాజా ఫోటోని గోడ మీది పెద్ద తెర మీద పెట్టింది. భూతద్దం నా తల మీద పెట్టింది. తెర చూసింది, తల చూసింది. మళ్లీ తెర చూసింది.

"ఈ తల మీదేనా?"

"నాదే అండీ."

"మరి ఆ తల?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ లేచి తెర దగ్గరికి వెళ్లి ఫోటోని పెద్దది చేసింది. "ఈ మూడు వెంట్రుకలు చూడండి. మధ్యది కొంచెం వంకర. ఇవే ఇక్కడున్నాయి. ఇక్కడా ఇవే. అదిగో ఆ అంచునా ఇవే మూడు. మందు తలకి పట్టడం చూశాను, పట్టకపోవడం చూశాను. ఫోటోకి పట్టడం నా సర్వీసులో ఇదే మొదటిసారి."

మా పని చేసేవాడు ఎవడైనా అది చూడగానే చెబుతాడు. ఒకచోట నుంచి తీసి ముప్పై చోట్ల అతికించారు. ఇన్ని నెలలుగా రోజూ చూసుకుంటూ నేను ఒక్కసారి కూడా పెద్దది చేసి చూడలేదు. చూడాలనుకోలేదంటే సరిపోతుందేమో. చెవులు వేడెక్కిపోయాయి. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, అదీ ఆ కుర్చీలో.

"అసలు ఫోటోలుంటే అవి తీసుకురండి. అప్పుడు మాట్లాడుకుందాం," అంది ఆవిడ. కోపం లేదు, అదే ఇంకా ఇబ్బందిగా ఉంది.

తడిసిన చెప్పులతోనే స్టూడియోలోకి వెళ్లి అక్క మీద విరుచుకుపడ్డాను. నన్ను వెర్రివాణ్ణి చేశావన్నాను. డాక్టరు ముందు పరువు తీశావన్నాను. నీ పెళ్లి ఫోటో అందంగా రావాలని నా నెత్తి మీద ముగ్గులేశావన్నాను. అక్క అదంతా వింది. తర్వాత నన్ను పక్కకి నెట్టి ఫోటో తెరిచింది. పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. అప్పుడు ఒంటికాలి మీద లేచింది.

"ఇది నా పనా? మూడు వెంట్రుకలు పట్టుకుని ఊరంతా నాటుతానా నేను? అంచులు చూడు, కత్తిరించి జిగురుతో అంటించినట్టున్నాయి. ఏడేళ్లుగా ఈ కుర్చీలో కూర్చున్నాను. నేను చేసి ఉంటే మీ డాక్టరు తాతకి కూడా దొరికేది కాదు. ఇంకోసారి ఇది నాదన్నావంటే మర్యాదగా ఉండదు."

అప్పుడిద్దరం ఒకేసారి లోపలి గది వైపు చూశాం.

లోపల నాన్న ఒక పసిదాని పాస్‌పోర్టు ఫోటో తీస్తున్నాడు. పిల్ల కెమెరా వైపు చూడాలని ఒక చేత్తో గిలక్కాయ ఊపుతూ, నాలుక బయటపెట్టి కోతిలా ముఖం చేస్తున్నాడు. తల్లి నవ్వుతోంది. పని అయ్యాక గిలక్కాయ చేతిలో ఉండగానే బయటికొచ్చాడు. తెర మీద నా నెత్తి చూశాడు. మా ఇద్దరి ముఖాలు చూశాడు.

"డాక్టరుకి కూడా ఇదే వెళ్లిందా?" అన్నాడు.

"'అయినవి' లోంచే కదా నాన్నా అన్నీ వెళ్లేది," అంది అక్క.

"నాకు తట్టలేదు. ఇది నువ్వు చూసుకోవడానికే, డాక్టరుకి అసలుది వెళుతుందనుకున్నాను," అన్నాడు నాన్న నాతో. గిలక్కాయని బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టాడు. "సీసా బుట్టలో పడేశావు. నేను తీసి కడిగి పెట్టాను. మళ్లీ పడేస్తే మళ్లీ తీసేవాణ్ణే. కానీ రాసుకోవాల్సింది నువ్వు కదా. ఫోటో చూస్తే రాసుకుంటావని."

నేను తెర మీది నా నెత్తి వైపు తిరిగాను.

"నీ వయసులో నాకిలా మందుంటుందని ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే నేనూ వాడేవాణ్ణి. మానేవాణ్ణి కాదు," అన్నాడు. తెర వైపు చూపించి, "ఎక్కడ చూసినా ఈ మూడు వెంట్రుకలే ఉన్నాయని నాకూ అనుమానం వచ్చింది. అక్కని అడిగితే తెలిసిపోతుందని అడగలేదు," అన్నాడు.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. భోజనం దగ్గర నేనన్న మాట ఆ మనిషి నాలుగు నెలలు మోశాడు. మోస్తూనే మౌసు పట్టుకోవడం రాని చేత్తో నా తల మీద ఒక్కొక్క వెంట్రుకా నాటాడు. నాకు అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు, అంత ప్రేమా పుట్టలేదు. క్షమించమని అడగడం మా ఇంట్లో అలవాటు లేదు. గిలక్కాయ తీసి లోపల దాని చోట పెట్టి వచ్చాను.

అప్పుడు అక్క 'కొత్తవి' తెరిచి, ఎవరూ ముట్టుకోని నాలుగు ఫోటోలూ వరసగా పెట్టింది. టేపు మీద స్టూలు, గీత మీద గొడుగు, ఒకే దూరం. మొదటిదానికంటే రెండోది ఘోరం. మూడోది రెండోదానిలాగే ఉంది. నాలుగోదాన్ని చాలాసేపు చూశాం. పలచగానే ఉంది, చర్మం కనబడుతూనే ఉంది. కానీ మొదటిదానికంటే తగ్గలేదు. ఒక పక్క అంచున సన్నగా, రంగు కూడా సరిగ్గా రాని నూగు మొలిచింది.

"ఇవి ఎవరు పెట్టారు?" అంది అక్క నాన్న వైపు తిరిగి.

"నేను కాదు," అన్నాడు నాన్న కంగారుగా.

డాక్టరుగారు కూడా అదే చూసింది. ఊడటం ఆగిందంది. మీ రెండో నెల చూస్తే సాధారణంగా మనిషి మానేసేవాడే, ఎలా నిలబడ్డారంది. ఇంట్లో ఒక ఫోటోగ్రాఫర్ ఉన్నాడని చెప్పాను. ఇకనుంచి ఫోటోలు 'కొత్తవి' లోంచి మాత్రమే పంపమని చీటీ మీద రాసిచ్చింది.

వానలు తగ్గుముఖం పట్టాక పెళ్లయింది. ఇంటిల్లిపాదీ ఫోటోకి నాన్న అలవాటు ప్రకారం కెమెరా వెనక్కి వెళ్లబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కొచ్చి, కెమెరాకి టైమర్ పెట్టి, ఆయన పక్కనే టోపీ లేకుండా నిలబడ్డాను. బావ వాళ్ల బాబాయి ఒకాయన మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసి, "తండ్రీకొడుకులని వేరే చెప్పక్కర్లేదు," అన్నాడు.

"అవునండీ. తల నాన్నదే," అన్నాను అందరికీ వినపడేలా.

నాన్న కెమెరా వైపే చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. టైమర్ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది, నాకు హాయిగా ఉంది.

అక్క వెళ్లిపోయిన వారానికి అయిదో ఫోటో తీసే రోజు వచ్చింది. కుర్చీ ఖాళీగా ఉండి స్టూడియో పెద్దదైనట్టుంది. నేను టేపు మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నాను. నాన్న లైటు వెలిగించి, కెమెరా దగ్గరికి వెళ్లకుండా నా వెనకకొచ్చి నిలబడ్డాడు. వేళ్లతో నా జుట్టు పాయలుగా తీసి చూడటం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు తల తుడిచాక మళ్లీ ఆ చెయ్యి నా తల మీద పడటం అదే. నేను కదల్లేదు.

"పోయిన నెల కంటే బాగుంది," అన్నాడు.

"నిజంగానా?"

నాన్న వేళ్లు ఆగాయి. "నిజం కాదంటే మందు మానేస్తావా?"

ఆలోచించాను. "మానను," అన్నాను.

"అయితే అడగడం దేనికి. తల దించు," అన్నాడు నాన్న.